మూడోసారి నానబెట్టిన జొన్నలు

మార్చి 9

మనవరాలు కెనెవే పోయినేడాది లెక్కల పుస్తకం సగం ఖాళీగా ఉంది. పారేయడానికి మనసొప్పక ఇందులో రాస్తున్నాను. మిషన్ బడిలో ఆరో క్లాసు దాకా చదివినదాన్ని. నా అక్షరాలు ఇప్పటికీ నా మనవరాలి అక్షరాలకన్నా గుండ్రంగానే ఉన్నాయి. ఎవరికో చూపించడానికి కాదు ఈ రాత. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు కాబట్టి.

ఎండ పలచబడింది. పొద్దున పశువుల దొడ్డి గోడ మీద చెయ్యి వేస్తే రాయి చల్లగా తగిలింది. మార్చి వచ్చిందంటే మా కొండల్లో ఆకులు రాలే కాలమే. ఇక దుప్పట్లు దులపాలి, పిడకలు పేర్చాలి, పీచ్ పళ్ళు కోసి ఎండబెట్టాలి. అన్నీ నేనే గుర్తు చేయాలి. కోడలు ఇవాళ కూడా జొన్న గంజి సరిగ్గా పులియకుండానే పొయ్యి మీద పెట్టింది. ఈ ఇంటికొచ్చి పదేళ్ళయింది. మూత తీసి వాసన చూస్తే తెలియదా? నేనేమీ అనలేదు. గిన్నె కొంచెం గట్టిగా కింద పెట్టాను, అంతే.

ఇంకో అయిదు రోజులకి నా కొడుకు మోఖెతి పోయి ఏడాది. గని నుంచి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గే తీసుకుపోయింది. వాడు పోయినా ఊరు నన్ను పిలిచేది మామోఖెతి అనే, అంటే మోఖెతి తల్లి.

మార్చి 14

పొద్దున్నే ముగ్గురం సమాధి దగ్గరికి వెళ్ళాం. కెనెవే రాళ్ళ మధ్య మొలిచిన గడ్డి పీకింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండానే పీకింది. కోడలు ఏడవలేదు. నేనూ ఏడవలేదు గానీ నా సంగతి వేరు.

తిరిగొచ్చాక కోడలు గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. మొగుడు పోయాక కట్టిన నల్లబట్టలో ఉన్నంత కాలం ఆమె చోటు అదే. పొద్దు గూకక ముందే ఇల్లు చేరాలి, గొంతెత్తి మాట్లాడకూడదు, పండిన చేలో అడుగు పెట్టకూడదు, కల్లుకి నానబెట్టిన జొన్నల్ని ముట్టకూడదు. మా ఆయన పోయినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. నా మీద ఎవరూ జాలిపడలేదు.

"అత్తయ్యా, ఏడాది నిండింది కదా. ఈ నల్లబట్ట ఎప్పుడు తీయిస్తారు?" అంది.

"ఊరికే తీస్తారా? జొన్నకల్లు కాచాలి, పోయిన పెద్దలకి ఒలకబొయ్యాలి. మోఖెతి మేనత్త రావాలి. ఆ బట్ట కోయడానికి కత్తెర పట్టాల్సింది ఆవిడే కదా."

"మీరు కల్లు కాస్తేనే కదా ఆవిడ వచ్చేది."

"కాస్తాను. కాయనని ఎవరన్నారు?"

అప్పుడు బయటపెట్టింది. మసేరు పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఏప్రిల్ ఆఖర్లో కొత్తవాళ్ళని తీసుకుంటారట. ఈమె పేరు కూడా రాసుకున్నారట. నాకు చెప్పకుండానే ఫోన్‌లో అన్నీ నడిచిపోయాయి.

"నల్లబట్ట కట్టుకుని పనిచేసేవాళ్ళు అక్కడ లేరా?" అన్నాను.

"చాలామంది ఉన్నారు. మీరు ఒప్పుకుంటారా?"

"మన ఇంట్లో ఆ పద్ధతి లేదు."

"అందుకే అడుగుతున్నానత్తయ్యా. ఇంకో మాట, కెనెవే సంగతి మీతో..."

"గంజి అడుగంటుతోంది చూడు."

గంజి ఏమీ అడుగంటలేదు. ఆ మాట నాకు వినాలని లేదు, అంతే. వినక్కర్లేదు కూడా. ఏం చెబుతుందో నాకు తెలుసు. మసేరు పోతుంది, పిల్లని తీసుకుపోతుంది. కొడుకు ఎలాగూ పోయాడు. కెనెవే కూడా పోతే ఈ వాకిట్లో నా మాటకి బదులిచ్చేవి కోళ్ళే.

మార్చి 15

నేనేమీ కాదనలేదు కదా. కొంచెం టైం పడుతుందన్నాను.

మార్చి 28

పీచ్ పళ్ళు. పొద్దుట్నుంచీ కోస్తూనే ఉన్నాను, వేళ్ళన్నీ పసరు. కెనెవేని రేకు కప్పు మీదికి ఎక్కించి ముక్కలు పరచమన్నాను. అది నాలుగు పరిచి రెండు నోట్లో వేసుకుంటుంది.

"నానమ్మా, అమ్మ మసేరు వెళ్తే నాకు బూట్లు తెస్తుందట."

"మన అంగట్లో లేవా బూట్లు?"

"ఉన్నాయిలే. అవి నీలాంటి వాళ్ళు వేసుకునేవి."

"నాలాంటి వాళ్ళంటే?"

"పాతవాళ్ళు."

నవ్వొచ్చి కత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఇది నా దుప్పట్లోనే పడుకుంటుంది. కాళ్ళు నా పొట్టకి తన్ని పెట్టి మరీ నిద్రపోతుంది. తల్లి దగ్గర పడుకోవద్దని నేనెప్పుడూ అనలేదు. నేను రమ్మని పిలిస్తే వచ్చింది.

మసేరులో ఏముంది? రేకుల గదులు, ఒకే కుళాయికి ఇరవై బకెట్లు. పిల్ల గొంతు ఎండిపోతుంది అక్కడ. దాని మంచి కోసమే ఆలోచిస్తున్నాను.

ఏప్రిల్ 6

గాదెలోంచి జొన్నలు తీసి నానబెట్టాను. మా వదిన మాసెచాబాకి కబురు పంపాను, పద్దెనిమిదిన వచ్చి కత్తెర పట్టమని. మా ఆయనకి అక్క ఆవిడ, ఏటి అవతల ఊళ్ళో ఉంటుంది. కోడలి మొహం వెలిగింది. దూరంగా నిలబడే చూసింది. ఆమె ముట్టుకుంటే జొన్నలు మొలకెత్తవు. నానబెట్టడం, గోనె కప్పడం, ఎండబెట్టడం, విసరడం, అన్నీ నా చేతుల మీదే జరగాలి.

"మీకు శ్రమే అత్తయ్యా," అంది.

"ఇంకెవరున్నారు చేయడానికి?" అన్నాను.

ఏప్రిల్ 11

మొలకలు కుళ్ళాయి. గోనె ఎత్తితే పుల్లటి కంపు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో. ఈ మధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, చెంబు ఎంత వంచానో చేతికి తెలియడం లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని.

కోడలు దూరం నుంచే చూసింది. నేనే వాటిని కోళ్ళకి పోశాను.

ఏప్రిల్ 12

కళ్ళు నిజంగానే ఆనడం లేదు.

ఏప్రిల్ 14

మళ్ళీ నానబెట్టాను. ఎవరూ అడక్కుండానే. వదినకి ఫోన్ చేయించి ఇరవై ఆరుకి రమ్మన్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు ఇరవై తొమ్మిది దాకా చూస్తారట. ఇంతకంటే ఒక అత్త ఏం చేస్తుంది?

ఏప్రిల్ 20

ఈసారి మొలకలు చక్కగా వచ్చాయి. వాకిట్లో చాప పరిచి ఎండకి పోశాను. అటు పక్క ఇంకో చాప మీద ఆఖరి పీచ్ ముక్కలు. చేల గట్ల మీద గులాబి రంగు అడవిపూలు విరగబూశాయి. పొద్దున నోట్లోంచి ఆవిరి వస్తోంది. కెనెవే అది పొగ అని చెప్పి గనిలో ఇంజిన్‌లా కూతపెడుతూ బడికి పోయింది.

కోడలు పాట అందుకుంది, సన్నగా. నల్లబట్టలో పాడకూడదని గుర్తు చేశాను. ఆపేసింది.

ఏప్రిల్ 21

మధ్యాహ్నం వాన. ముందు చినుకులు, తరవాత గట్టిగానే. కోడలు ఏటికి నీళ్ళకి వెళ్ళింది, పిల్ల బడిలో ఉంది. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. మోకాళ్ళు పట్టేశాయి. లేచేసరికి మొలకజొన్న చాప మీద నీళ్ళు నిలిచాయి. మోకాళ్ళు ఈ చలికి ఎప్పుడూ పట్టేస్తాయి.

కోడలు తలమీద బకెట్టుతో తడుస్తూ వచ్చింది. చాప వైపు చూసింది. బకెట్టు దించి ఇంట్లోకి వెళ్ళింది. బయటికొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"పీచ్ ముక్కలు లోపల ఉన్నాయత్తయ్యా."

"ఆఁ."

"చాపతో సహా లోపల ఉన్నాయి. పొడిగా ఉన్నాయి."

"ముందు అవి చేతికందాయి."

"మొలకలు మీ కాళ్ళ దగ్గర ఉన్నాయి."

నేను మోకాళ్ళు చూపించాను. ఆమె మోకాళ్ళ వైపు చూడలేదు. తడిసిన మొలకల్ని చాపతో చుట్టి దొడ్లో పారబోసి వచ్చింది. ఇక ముట్టుకున్నా ఏమీ కాదు కదా, ఎలాగూ పాడైపోయాయి.

పీచ్ పళ్ళు ఏడాదికి సరిపడా కూర. పాడైతే చలికాలం అంతా ఏం తింటాం? ఆలోచించే చేశాను.

ఏప్రిల్ 22

వదినకి ఫోన్ చేయించాను. ఏరు పొంగిందని, రావద్దని. ఏరు కొంచెం పొంగింది.

ఏప్రిల్ 29

ఫ్యాక్టరీ రోజు గడిచిపోయింది. అంగడి పక్కింటి వాళ్ళమ్మాయికి ఆ చోటు దక్కిందట. పొద్దున బస్సెక్కుతూ చెయ్యి ఊపింది. కోడలు పొయ్యి కోసం దొడ్లో ఎండిన పేడ పలకలు కోస్తోంది, పార ఆపి తనూ ఊపింది. తరవాత మళ్ళీ కోసుకుంది. కేకలు లేవు, ఏడుపు లేదు. నేను ఊహించుకున్నదాంట్లో సగం రాద్ధాంతం కూడా జరగలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

మే 4

జొన్న కోతలు. నేనూ, కెనెవే, కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ చేలో. కోడలు చేలోకి రాకూడదు కాబట్టి గట్టు అవతల బండ మీద కూర్చుంది. అక్కడి నుంచే గంజి కాచి పంపింది. గంజి సరిగ్గా పులిసింది. అదే మాట అన్నాను కూడా.

"మీ దయ అత్తయ్యా," అంది.

ఈ మధ్య మర్యాద ఎక్కువైంది. నాకు ముందు వడ్డిస్తుంది, నా దుప్పటి ఎండకి వేస్తుంది, పిలిస్తే రెండో పిలుపు అక్కర్లేకుండా వస్తుంది. కానీ ఏ మాటకీ ఎదురు మాట లేదు. ఎదురు చెప్పని మనిషితో సంసారం ఎలా చేస్తారో నాకు తెలియదు. గంజి బాగాలేదని రేపు అబద్ధమైనా ఆడి చూడాలి.

మే 5

అబద్ధం ఆడాను. "రేపటి నుంచి సరిచేస్తానత్తయ్యా" అంది.

మే 9

మూడోసారి జొన్నలు నానబెట్టాను. కొత్త జొన్నలు, ఈ ఏటివే. ఫ్యాక్టరీ అయిపోయింది, ఇక ఎక్కడికి పోతుంది? ఇప్పుడు తీయించేస్తే నా మీద మాట ఉండదు. ఈసారి గోనె కింద చేయి పెట్టి చూసి మరీ నీళ్ళు చల్లుతున్నాను. కళ్ళు బాగానే ఆనుతున్నాయి.

మే 12

వదిన మాసెచాబా వచ్చింది. నేను పిలవలేదు. గాడిదని తోలుకుంటూ, మీద రెండు మూటలతో. మూటల్లో విసిరిన మొలకజొన్న పిండి. డెబ్బై ఆరేళ్ళ మనిషి, దారంతా నడిచి వచ్చింది.

"ఏరు ఎలా దాటారు వదినా?" అన్నాను.

"ఏ ఏరు? నువ్వు ఫోన్‌లో పొంగించావే, అదా? గాడిద గిట్టలు కూడా తడవలేదు."

నేను పీట వేశాను. కూర్చోలేదు.

"నీ మొలకలు నీళ్ళెక్కువై చచ్చాయట. తరవాత వానకి చచ్చాయట. ఏమ్మా మామోఖెతీ, నలభై ఏళ్ళు కల్లు కాచావు, నీ కల్లు తాగి మా తమ్ముడు ఊరంతా పాటలు పాడాడు. ఉన్నట్టుండి చెయ్యి మర్చిపోయిందా?"

"మళ్ళీ నానబెట్టాను వదినా, చూడండి, ఇదిగో..."

"చూశాను. బాగున్నాయి. కోడలికి వచ్చిన పని పోయాక చక్కగా మొలిచాయి."

కోడలు గుమ్మం పక్కన తల వంచుకుని కూర్చుని ఉంది. కబురు చెప్పింది తనేనా అని అడిగాను. తనేనని చెప్పింది. గొంతెత్తలేదు.

వదిన నా పక్కకి వచ్చి మెల్లగా అంది. "నువ్వు కెనెవేని నీ దగ్గరే ఉంచుకోవాలనుకున్నావు. నోరు తెరిచి అడగాల్సింది. అడిగితే నీ నోరు అరిగిపోతుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడకి అయిదుగురు మనవలు, వాకిట్లో అడుగు పెట్టడానికి చోటుండదు. ఆవిడకేం తెలుసు.

మే 17

ఇవాళ నల్లబట్ట తీశారు. కల్లు వదిన తెచ్చిన పిండితోనే కాచాను. బాగా కుదిరింది, ఎవరూ వంక పెట్టలేదు. పెద్దలకి ఒలకబోశాక వదిన కత్తెర తీసుకుని కోడలి మెడ దగ్గర మొదలుపెట్టి కింది దాకా కోసింది. పుట్టింటి వాళ్ళు తెచ్చిన కొత్త నీలం గౌను తొడిగించారు. ఆమె భుజాలు ఎంత సన్నబడ్డాయో ఏడాదిగా నేను చూడనే లేదు. తరవాత కొడుకు కోసం నేను భుజానికి పిన్నుతో పెట్టుకున్న నల్ల పీలిక కూడా వదిన కత్తిరించి మంటలో వేసింది. అది కాలుతున్నప్పుడు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు. మోఖెతి పేరు పెట్టి ఏడ్చాను. ఏడాదిలో అదే మొదటిసారి.

అందరూ వెళ్ళాక కోడలు వచ్చి నా ఎదుట కూర్చుంది. వదిన కూడా ఉంది.

"ఎల్లుండి బయల్దేరుతున్నానత్తయ్యా. సరిహద్దు అవతల తోటల్లో పని దొరికింది. కూరగాయలు కోసి పెట్టెల్లో సర్దడం. ఏడెనిమిది నెలల దాకా రావడం కుదరదు."

"కెనెవే?" అన్నాను.

"మా అమ్మ దగ్గర ఉంటుంది."

"పిల్ల మా ఇంటిది! ఓలికి పశువులిచ్చి తెచ్చుకున్నాం నిన్ను!"

"మీ ఇంటిదేనత్తయ్యా. కాదనడం లేదు. ముందు మీ దగ్గరే ఉంచుదామనుకున్నాను."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"మోఖెతి ఏడాది రోజున అదే అడగబోయాను. నేను మసేరు వెళ్తే కెనెవేని చూసుకుంటారా అని. నెల నెలా వచ్చేదాన్ని. పిల్ల బడి మారేది కాదు, మీ దుప్పట్లోనే పడుకునేది. మీరు చెప్పనివ్వలేదు."

"తీసుకుపోతావనుకున్నాను," అన్నాను.

"తెలుసు. మొలకలు కుళ్ళినప్పుడు తెలియలేదు. వాన వచ్చిన రోజు తెలిసింది."

"అయితే ఇప్పుడు నా దగ్గరే ఉంచు. ఇప్పుడేమైంది? నేను చూసుకుంటాను. గంజికి, బడికి, దేనికీ లోటు చేయను. మాకెనెవే, నా తల్లీ, చెప్పింది విను."

పెళ్ళినాడు మేం పెట్టిన మాకెనెవే అన్న పేరుతో పిలవడమే గానీ, నా తల్లీ అని ఆమెను ఎప్పుడూ పిలవలేదు. పదేళ్ళలో ఒక్కసారి కూడా.

ఆమె కొత్త గౌను అంచు సర్దుకుంది. తరవాత అంది, "వాన వస్తే మీరు దేన్ని లోపలికి తెస్తారో, దేన్ని వదిలేస్తారో నాకు తెలియదత్తయ్యా. నేను అంత దూరంలో ఉండి అది ఆలోచిస్తూ పని చేయలేను."

వదిన వైపు చూశాను. ఈ ఇంటి ఆడబిడ్డ, ఆవిడ వద్దంటే కోడలు కదలలేదు. నా తరఫున ఒక్క మాట అంటుందేమోనని చూశాను.

"పిల్ల ఎక్కడున్నా మన పేరే దానికి," అంది వదిన. "వెళ్ళనీ."

మే 19

వెళ్ళారు. కెనెవే బస్సు కిటికీలోంచి ఏదో అరిచింది. ఇంజిన్ చప్పుడులో వినబడలేదు.

మే 20

మొహం కడుక్కోలేదు.

మే 23

అంగడిలో అడిగారు పిల్లేదని. అమ్మమ్మ దగ్గరికి నాలుగు రోజులు ఉండొస్తానని వెళ్ళిందన్నాను. ఊరందరికీ తెలుసు. నేను అబద్ధమాడుతున్నానని తెలిసీ తలలూపారు.

మే 27

రాస్తాను. ఇది ఎలాగూ ఎవరూ చదవరు.

మొదటిసారి చెంబు వంచుతూ చాలిక అనుకున్నాను. అనుకుని కూడా ఇంకో రెండు చెంబులు పోశాను. రెండోసారి మోకాళ్ళు పట్టేయలేదు. వాన వాసన ముందే వచ్చింది. లేచాను, పీచ్ చాప లోపలికి ఈడ్చాను, మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుని మొలకలు తడుస్తుంటే చూశాను. అంతా తడిసే దాకా చూశాను. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పిల్లని ఉంచుకోవడానికి నేనేమీ చేయాల్సిన పనే లేదు. ఊరికే కూర్చుని ఆమె మాట పూర్తిగా వింటే సరిపోయేది.

జూన్ 7

కొండ మీద మొదటి మంచు. ఉండబట్టలేక వియ్యపురాలు మాపలేసా ఊరికి వెళ్ళాను. రెండు బస్సులు మారి, తరవాత నడక. చేతిలో ఏమీ పట్టుకెళ్ళలేదు. కావాలనే. నా మనవరాలిని నేను చూడటానికి పోతూ మూటలు మోసుకెళ్తానా, నేనేమన్నా పరాయిదాన్నా అనుకున్నాను.

మాపలేసా మంచి మనిషి. ఎదురొచ్చి దుప్పటి అందుకుంది. "రండి రండి వదినగారూ, ఇంత చలిలో ఎంత దూరం వచ్చారు. మా అమ్మాయి పలేసా నిన్ననే ఫోన్ చేసింది, మీ ఆరోగ్యం అడిగింది," అంది. పలేసా అంటే మా కోడలే, పెళ్ళినాడు మేం తీసేసిన పేరది. అక్కడ ఇంకా అదే పిలుస్తున్నారు. ఇంట్లో ఒకటే కుర్చీ ఉంది. అది నాకు వేశారు. మాపలేసా చాప మీద కూర్చుంది. నేనూ చాప మీదే కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. కోడిని కోయించింది. వద్దన్నా వినలేదు.

కెనెవే బడి నుంచి వచ్చింది. కాళ్ళకి కొత్త బూట్లు. పరుగెత్తుకుని వస్తుందని చేతులు చాపాను. వచ్చింది, నా ఒళ్ళో తల పెట్టింది, కాసేపుంది. తరవాత అమ్మమ్మ కళ్ళతో ఏదో సైగ చేసింది. పిల్ల లేచి లోపలికి వెళ్ళింది.

పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. మోచేతి మీద ఉతికిన తువ్వాలు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, నీళ్ళు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని. చక్కగా నేర్పారు. ఈ దేశంలో ఏ ఇంట్లోనైనా గడప లోపలి మనుషులు బయటి బకెట్లో చేతులు ముంచుకుంటారు. ఇలా మోకరిల్లి పళ్ళెం పట్టేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకే.

"చేతులు కడుక్కోండి నానమ్మా," అంది.

కడుక్కున్నాను.